చెఱలోని యెడారి బల్లికిఁ దగిన నేల



నేఁడు నేను మీతో ముచ్చటింపఁదలఁచిన విషయము మొదట వినుటకు వింతగాఁ దోఁచవచ్చును. ఎడారులలో నేలఁ ద్రవ్వుకొని బ్రదుకు బల్లిజాతి జంతువులు కొన్ని కలవు. దేశాంతరములలో వానిని జంతుప్రదర్శనశాలలయందును, గృహములయందును గాజుపెట్టెలలో నుంచి పెంచుచున్నారు. ఆ పెట్టెలలో వాని కాళ్లక్రిందఁ బఱచవలసిన మన్ను ఎట్టిదిగా నుండవలెను? ఇదియే నేఁటి ప్రశ్న.

"ఎడారి యెక్కడ, మన యూరెక్కడ? ఈ బల్లుల గొడవ మనకేల?" అని పెద్దలడుగవచ్చును. దీనికి రెండు సమాధానములు కలవు. మన పల్లెలనుండి వెడలి అమెరికా, ఆస్ట్రేలియా దేశములలోఁ గాపురమున్న కుటుంబములు నేఁడు వేలకొలఁది. అక్కడి పిల్లలు మనము కుక్కను సాఁకినట్లు బల్లులను సాఁకుట కలదు. వారు సెలవులకు వచ్చినపుడు ఆ ముచ్చట తాతలకుఁ జెప్పక మానరు. ఇది యొకటి. రెండవది ముఖ్యమైనది. ఇది పేరునకు బల్లి ప్రశ్నయే కాని, నిజమునకు మట్టి ప్రశ్న. ఏ మట్టి నిలుచును, ఏ మట్టి కూలును, ఏది తడిని దాఁచును, ఏది బీటలువాఱును అను సంగతులు, రంగుల సంచులలో ఇసుక నమ్ము వర్తకునికంటె, నాఁగలి పట్టిన మీకే యెక్కువగాఁ దెలియును. కావున మీ సొత్తైన జ్ఞానమునే మీ ముందుఁ బెట్టుచున్నాను.

ముందుగా ఒక భ్రమను దొలఁగించుకొందము. ఎడారి యనఁగానే కనుచూపుమేర ఇసుక దిబ్బలు మన మనస్సునకు వచ్చును. కాని లోకములోని యెడారులలో ఇసుక కప్పియున్నది రమారమి ఐదవవంతు మాత్రమే. మిగిలినది గట్టినేల, మొరము, రాతినేల, బంకమన్ను ఎండి పెచ్చులు కట్టిన మైదానము, చవుడు. అందుచేత "ఎడారి బల్లి గదా, ఇసుక పోసినఁ జాలును" అనుట పొరపాటు. "పల్లెటూరి మనిషి గదా, వరి పండించును" అని నెల్లూరి వానిని, అనంతపురము వానిని ఒక్కగాటఁ గట్టినట్లుండును.

ఎడారి జంతువు నేలలో ఏల దూఱును? వేసవి మధ్యాహ్నమున థారు యెడారిలో ఇసుక పైతలము 60 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి కాఁగును. బల్లికి మనవలె ఒంటిలో వేఁడిని సమముగా నిలుపుకొను శక్తి లేదు. వేఁడి కావలసిన ఎండలోనికి వచ్చును. చలువ కావలసిన నీడలోనికిఁ బోవును. ఆ నీడ నేలలోపలనే కలదు. మూరెడు లోఁతునకుఁ బోయితిమా, పగటికిని రాత్రికిని వేఁడిలో భేదము దాదాపు తెలియదు. అంతియేకాక అక్కడ కొంత చెమ్మ నిలిచియుండును. ఆ చెమ్మగాలిలో నున్నంతసేపు జంతువు ఒంటినుండి నీరు ఆవిరియై పోవుట తగ్గును. జొన్నలను పాతరలో దాఁచిన పెద్దలకు ఈ సంగతి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. పాతర ధాన్యమును కాపాడినట్లే బొఱియ బల్లిని కాపాడును. కావున బొఱియ దానికి విలాసము కాదు, ప్రాణాధారము.

ఇఁక మూఁడు జాతులను దృష్టాంతముగాఁ దీసికొందము.

మొదటిది సహారా, అరేబియా యెడారులలో నుండు ఇసుకచేప. పేరు చేపయైనను అది నున్నని పొలుసులుగల నాలుగుకాళ్ల జంతువు, మన నలికిరి కుటుంబములోనిది. 1758లో లిన్నేయసు పండితుఁడు దీనిని శాస్త్రగ్రంథములోఁ జేర్చెను. దీని ముట్టె పారవలె చదునుగా నుండును. క్రింది దవడ పైదవడ లోపలికి ఒదిగి, ఇసుక నోటఁ జొరకుండఁ జేయును. భయము కలిగెనా, ఇసుకలోనికి మునిఁగి మాయమగును. అది లోపల ఎట్లు కదలునో యని అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాపీఠమువారు ఎక్సురే కిరణములతోఁ జూచి, 2009లోఁ బ్రకటించిరి. ఇసుకలోపల అది కాళ్లను ఒంటికి హత్తుకొని, ఒడలిని పామువలె మెలికలు త్రిప్పుచు ఈఁదుచున్నదని తేలినది. ఇసుక దాని యూపిరితిత్తులలోనికి ఏల పోదు? ముక్కులోపల వెడల్పైన చిన్న గదివంటి భాగమున్నది. అక్కడ గాలి వేగము తగ్గి రేణువులు జిగురులోఁ జిక్కును. వానిని జంతువు దగ్గినట్లుగా వెలికి నూఁకివేయును. ఈ సంగతి 2016లోఁ బ్రకటితమైనది. ఇట్టి జంతువునకు వదులుగా, పొడిగా, సన్నగా, నున్నగా నున్న ఇసుకయే కావలెను. దానిని గట్టినేలపై నుంచుట చేపను గట్టునఁ బడవేయుటయే.

రెండవది మన దేశపుదే. రాజస్థానములోని థారు యెడారి, గుజరాతులోని కచ్ఛము మొదలగుచోట్ల నుండు సాండా యను జంతువు. 1827లో గ్రే అను పండితుఁడు దీనికి శాస్త్రనామ మొసఁగెను. పెద్దదైనచో మూరెడు దాఁక నుండును. తోఁకపై ముండ్ల వరుసలుండును. ప్రధానముగా గడ్డి, ఆకులు, గింజలు తిని బ్రదుకును. దీని జ్ఞాతులు అరబ్బు దేశములలోఁ గలవు. వానిలోఁ బెద్దదానిని అక్కడివారు దబ్ అందురు. గల్ఫు దేశములకుఁ బనికిఁబోయిన కరీంనగరము, నిజామాబాదు వారిలో దానిని కన్నులారఁ జూచినవారుండవచ్చును. సాండా తన బొఱియను ఇసుక దిబ్బలోఁ ద్రవ్వదు, గట్టినేలలోఁ ద్రవ్వును. ఆ బొఱియ వంపుతిరుగుచు ఆఱడుగులకు మించి పోవుటయుఁ గలదు. రాత్రివేళ లోపలికిఁబోయి ద్వారమును మట్టితో మూసికొనును. చలికాలమంతయు ఆ గదిలోనే నిద్రించును. ఇట్టి దానిని వదులు ఇసుకలో నుంచినచో నేమగును? త్రవ్వినకొలఁది కూలును. నిలువని గోడలతో అది ప్రతిదినము పోరాడి అలసిపోవును.

మూఁడవది చిఱుతబల్లి. ఒంటిపై చిఱుతపులివలె మచ్చలుండుటచే ఈ పేరు. ఆఫ్ఘనిస్తానము, పాకిస్తానము, మన వాయవ్య సీమలు దీని స్వస్థానము. 1854లో బ్లైత్ అను పండితుఁడు దీనిని వర్ణించెను. లోకమందెల్ల గృహములలోఁ బెంచఁబడు బల్లులలో ఇది మిక్కిలి ప్రసిద్ధము. ఇది యుండునది రాళ్లు, గట్టి బంకనేల, ఎండుగడ్డి గల ప్రదేశము. తాను పెద్దగాఁ ద్రవ్వదు. రాతిసందులలోను, ఉన్న కన్నములలోను దాఁగి పగలు గడపి, చీఁకటిపడిన పిదప వేఁటకు వెడలును. దీనికిఁ గావలసినది గట్టి నేల, దాఁగుటకుఁ జోటు, కుబుసము విడుచునపుడు తడియారని మూల యొకటి.

చూచితిరా! మూఁడును ఎడారివే; మూఁడింటికి మూఁడు నేలలు. కాఁబట్టి మొదటి సూత్రమిది: మన్ను వెదకుటకు ముందు జంతువు పుట్టిన చోటును వెదకవలెను.

ఇఁక తగని మన్ను చేయు కీడెట్టిదో విన్నవించెదను. బల్లి పురుగును పట్టునపుడు నోటితోఁ గొంత ఇసుక లోనికిఁ బోవును. ఆరోగ్యముగలదియై, వేఁడి చాలినదియై, నీరు దొరకినదైనచో ఆ కొంచెము మలముతోఁబాటు వెలికిఁ బోవును. ఎడారిలో జరుగుచున్నది ఇదియే. కాని ఒడలు చల్లఁబడినచో బల్లికి జీర్ణశక్తి మందగించును; నీరు చాలనిచో ప్రేగులలో జాఱుడు తగ్గును; అపుడు ఇసుక ఒకచోటఁ బేరుకొని, గట్టిపడి, దారిని మూసివేయును. ఆవు కడుపులో ప్లాస్టిక్కు సంచులు చిక్కుకొని పశువైద్యుఁడు కోసి తీయుట మీరు వినియుందురు. ఇదియు నట్టిదే.

మఱియొక కారణము కలదు. ఉప్పు చాలని పశువు గోడలు నాఁకుట మనమెఱిఁగినదే. అట్లే సున్నపుధాతువు చాలని బల్లి తనకు లోపించినది మన్నులో దొరకునేమో యని మన్నునే తినసాఁగును. సున్నపుధాతువు ఒంటఁబట్టుటకు ఎండలోని ఒకానొక కిరణము కావలెను. గాజు ఆ కిరణమును లోనికి రానీయదు. కావుననే పెట్టెలలో దానికై ప్రత్యేక దీపములు పెట్టుదురు. చిఱుతబల్లివంటి రాత్రించరములకు ఆ ధాతువుతోఁబాటు తగిన విటమినును గూడ పొడిగా పురుగులపైఁ జల్లి పెట్టుట యాచారము. ఈ లోపమున్నంతకాలము ఎంత మంచి మన్నైనను అపాయమే. అందువలన ఇసుకనొక్కదానినే దోషిగా నిలఁబెట్టరాదు. వేఁడి, నీరు, దీపము, ఆహారము అను నాలుగును సరిగానున్నవో లేవో చూచి పిదప మన్నును విచారింపవలెను.

నా శిష్యుఁడొకఁడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాఁడు. కొన్నేండ్ల క్రిందట అతని కూఁతురు ఒక చిఱుతబల్లిని తెచ్చుకొన్నది. అమ్మినవారు దానితోఁబాటు నీలివన్నె వేసిన సున్నపు ఇసుక సంచి యొకటి యిచ్చి, "ఇది తిన్నను కరిగిపోవును, మేలే చేయును" అని చెప్పిరఁట. మూఁడు నెలలకు అది తిండి మానివేసెను. వైద్యుఁడు ఎక్సురే తీయఁగా కడుపులో తెల్లని గడ్డ కనఁబడెను. ఎముకలు బలహీనముగా నున్నవనియుఁ దేలెను. అది బ్రదుకలేదు. ఆ పాప ఫోనులో నన్నడిగిన ప్రశ్న యిది: "తాతగారూ, నేను తిండి ఎక్కువ పెట్టుటచేత చచ్చినదా?" నేనిట్లంటిని: "కాదమ్మా, నీవు ప్రేమతోఁ బెట్టినావు. కాని అది నిలిచిన నేల దానిది కాదు. ఆ సంగతి నీకెవ్వరును జెప్పలేదు." పాప సమాధానపడెనో లేదో తెలియదుగాని, ఆ ప్రశ్న మాత్రము నా మనస్సున నిలిచిపోయినది. నోరులేని ప్రాణిని చెఱఁబట్టినవారు దాని కాళ్లక్రింది నేలకు సైతము బాధ్యులే గదా.

ఆ సున్నపు ఇసుక సంగతి కొంచెము చెప్పెదను. ఆలిచిప్పల పొడిపై నిమ్మరసము పిండినచో నురుగు పొంగును, పులుపు చచ్చును. బల్లి కడుపులోను పులుపే కలదు. ఆహారమరుగుటకు ఆ పులుపే సాధనము. సున్నపు ఇసుక ఎక్కువగాఁ బోయినచో ఆ పులుపును విఱుచును. జీర్ణమునకు సాయపడునన్న వస్తువు జీర్ణమునే చెఱుచును. తడి తగిలినచో ముద్దకట్టు గుణము దీనికిఁ గలదు. పైఁగా సున్నము చాలని బల్లి రుచిమరగి దానినే తినును. రంగు మనుష్యుని కంటికిఁ గాని బల్లికిఁ గాదు.

వర్ణించి అమ్ము ఇతర వస్తువులును కొన్ని కలవు. ఆక్రోటు పెంకుల పొడి: దాని యంచులు వాఁడిగా నుండి ప్రేగులను గీరును. మొక్కజొన్న కండెల ముక్కలు: తడిచేత ఉబ్బును, బూజుపట్టును. దేవదారు జాతి చెట్ల రంపపుపొట్టు: దాని సువాసనతైలములు మూసిన పెట్టెలో ఊపిరితిత్తులకుఁ గీడు చేయును. గులకరాళ్లు: మ్రింగినచో వెలికి రావు. సముద్రపు ఇసుక: ఉప్పు కలది. రాళ్లను పగులఁగొట్టి చేసిన రోబో ఇసుక: రేణువులు కోణములు గలవి, దుమ్ము మెండు. కుండీలకై అమ్ము తోఁటమట్టి: ఎరువులు, మందులు కలిసియుండును. కృత్రిమమైన పచ్చిక చాపలు: పోఁగులలో గోళ్లు చిక్కును. చదునైన బండలు నిరపాయములే. చిఱుతబల్లికి కొంతవఱకుఁ జాలును. కాని సాండా జాతికి బండ పఱచుట, రైతుకు సిమెంటు గచ్చునిచ్చి దున్నుమనుట వంటిది. గోళ్లతో గీరి గీరి నిరాశపడును. అపాయము లేకుండుట యొకటి, బ్రదుకుండుట యొకటి; రెండును గావలెను.

ఇఁక తగిన మన్నును సిద్ధపఱచు విధము. బొఱియ త్రవ్వు సాండా జాతిని దృష్టిలో నుంచుకొని చెప్పుచున్నాను.

ఇసుక నేలలో బావి త్రవ్వువారు ఒరలు దింపనిదే పని సాగదు. గరువు నేలలో నిలువు గోడ తానుగా నిలుచును. పొడి ఇసుకను రాశిపోసినచో దాని వాలు 30, 35 అంశలకు మించి నిలువదు, జాఱిపోవును. రేణువును రేణువుతోఁ బట్టి యుంచునది బంకమన్ను. కాని ఉత్త బంకమన్నైనచో రేగడివలె ఎండి బీటలువాఱును, రాయియై గోటికి లొంగదు. కావున రెండును గలిసిన మన్నే కావలెను. మందులు చల్లని చేని మట్టిని రాళ్లు, వేళ్లు లేకుండ జల్లించి మూఁడు పాళ్లు, కడిగిన నదీ ఇసుకను రెండు పాళ్లు కలిపి మొదలుపెట్టవచ్చును. ఇసుకను నీటిలోఁ గలియఁబెట్టి, బురదనీరు వంచివేసి, నీరు తేటపడువఱకు మరల మరల కడుగవలెను. ఏలయనఁగా ఇసుకలోని సన్నని దుమ్ము ఊపిరికి శత్రువు. పిదప రెండింటిని మంచి యెండలో పలుచగా నెఱపి యెండఁబెట్టవలెను.

పాళ్లు లెక్కకొఱకే; తీర్పు చేతిది. పిడికెఁడు మన్ను తడిపి గట్టిగాఁ బిసుకుఁడు. వ్రేళ్లసందున నీరు కాఱరాదు. పిడికిలి విప్పినపుడు ముద్ద నిలువవలెను. బొటనవ్రేలితో నొక్కినచో చిట్లి విడిపోవలెను. నిలువక రాలినచో ఇసుక ఎక్కువ. చిట్లక మైనమువలె నొక్కుకొన్నచో బంక ఎక్కువ. పిదప ఒక తొట్టిలో ఆ మన్నును కూరి, రోఁకలికాఁడ యంత కఱ్ఱతో ఏటవాలుగా కన్నము చేసి, రెండుమూఁడు దినము లాఱనిచ్చి, పైనుండి అఱచేత నదుముఁడు. కన్నము కూలకున్నచో ఆ మన్ను బొఱియకుఁ దగినది.

పెట్టెలో నింపునపుడు ఒక్కసారి పోయరాదు. నాలుగంగుళముల మన్ను పోసి, కొంచెము తడిపి, దిమ్మిసతో గచ్చు కొట్టినట్లు అదిమి, దానిపై మఱియొక వరుస పోయవలెను. మొత్తము లోఁతు అడుగునకుఁ దగ్గరాదు. అడుగున్నర యైన మేలు. ఒకటి రెండు వాలు కన్నములు మనమే మొదలుపెట్టి యిచ్చినచో తక్కినది జంతువే త్రవ్వుకొనును. మన్ను పూర్తిగా ఆఱినపిదపనే జంతువును విడువవలెను. బరువును మఱవరాదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టెలో అడుగు లోఁతు మన్ను మూఁడు క్వింటాళ్లకు మించును. సామాన్యపు బల్ల దానిని మోయలేదు.

ఇక్కడ ప్రాణాపాయకరమైన విషయములు రెండు కలవు. మొదటిది రాళ్లు. ఎండకాఁగుటకై పెట్టెలో పెద్దరాళ్లు పెట్టుట వాడుక. వానిని మట్టిపైఁ బెట్టినచో బల్లి క్రింద త్రవ్వును. రాయి కుంగి దానిపైఁ బడి చంపును. పునాది తీయక గోడ లేపినట్లగును. రాయిని ముందుగా పెట్టె యడుగుననే నిలఁబెట్టి, పిదప చుట్టును మన్ను పోయవలెను. రెండవది వేఁడి. కొందఱు పెట్టె క్రింద వేఁడిచేయు పలక నమర్చుదురు. త్రవ్వు జంతువు చలువకై క్రిందికిఁ బోవును గదా. అక్కడ పొయ్యియున్నచో దాని గతి యేమి? వేఁడి పైనుండియే రావలెను. సూర్యుఁడు పైననే యున్నాఁడు. దీపము క్రింది రాతిపై సాండా జాతికి 45 మొదలు 50 డిగ్రీల దాఁక వేఁడి యుండి, రెండవ కొనకుఁ బోవుకొలఁది తగ్గుచు రావలెను. అపుడది తనకు వలసిన వేఁడిని తానే యెన్నుకొనును.

తడి విషయమున మధ్యేమార్గము మేలు. పైభాగము పొడిగాను, అడుగుభాగము చెమ్మగాను ఉండవలెను. ఒక మూల నిలువుగా గొట్టము నిలిపి, అపుడపుడు కొంచెము నీరు పోసినచో అడుగున మాత్రము చెమ్మ చేరును. పైనంతయుఁ దడిపినచో బూజు, చర్మరోగము, ఊపిరి వ్యాధి కలుగును. గ్రుడ్లు పెట్టు ఆఁడుదానికి ఈ చెమ్మనేల మఱియు ముఖ్యము. తగిన చోటు దొరకనిచో అది గ్రుడ్లను లోపలనే యాపుకొని ప్రాణముమీఁదికిఁ దెచ్చుకొనును. ఆకులను పళ్లెములోను, పురుగులను నున్నని గిన్నెలోను పెట్టవలెను గాని మట్టిపైఁ జల్లరాదు. మలమును ప్రతిదినము తీసివేసి, చెడిన మన్నును మార్చుచుండవలెను.

క్రొత్తగాఁ దెచ్చినదియు, జబ్బుపడినదియు, పిల్లదశలో నున్నదియు నైనచో వెంటనే మట్టిపై నుంచరాదు. దాఁగుటకొక పెట్టె యిచ్చి, క్రింద తెల్లకాగితము పఱచి, క్రొత్తదానిని నెల దినములైన నుంచుట మంచిది. కాగితముపై మలము ఎట్లున్నది, చిన్న పురుగులున్నవా అనునది తేటగాఁ గనఁబడును. ఇది వైద్యశాల మంచము వంటిది, ఇల్లు కాదు. ఆరోగ్యము తేలినపిదప తన నేలకుఁ బంపవలెను.

తిండి మానుట, మలము రాకుండుట, ముక్కుట, పొట్ట ఉబ్బుట, వెనుకకాళ్లు ఈడ్చుట: ఇవి ప్రేగులు మూసికొనిపోవుచున్న గుఱుతులు. ఇంటిమందులతోఁ గాలము గడపక, తెలిసిన పశువైద్యునికిఁ జూపవలెను. మొదటి దినములలోఁ జూపినచో బ్రదికించుటకు వీలుకలదు.

తుదకొక్క మాట. ఇదంతయు విని మన దేశములోని సాండాను గాని, మన పొలములలోని ఉడుమును గాని పట్టి తెచ్చి పెట్టెలో నుంచవచ్చునని యెవ్వరును భావింపరాదు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని రక్షించుచున్నది. పట్టుట, చంపుట, అమ్ముట నేరము. సంతలలో సాండా నూనె యని యొకటి అమ్ముదురు. నొప్పులకును బలమునకును అది మందని చాటుదురు గాని, దానికట్టి గుణము కలదను ఋజువు లేదు. దానికై ఆ మూఁగజీవుల నడుము విఱిచి, బ్రదికియుండఁగనే కాఁచి క్రొవ్వు తీయుట కలదు. అట్టి సీసా కొనువాఁడు ఆ పాపములో భాగస్వామి. విదేశీ జంతువుల విషయమునను, అంతర్జాతీయపు టొడంబడిక పట్టికలలోని వానిని ఉంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని 2022లోఁ జేసిన చట్టసవరణ చెప్పుచున్నది. పరదేశమున నున్నవారైనను అడవినుండి పట్టినదానిని గాక, పెంపకమునఁ బుట్టినదానినే తీసికొనుట ధర్మము.

కాఁబట్టి మీ మనుమఁడో మనుమరాలో "తాతయ్యా, నా బల్లికి ఏ ఇసుక వేయవలెను?" అని యడిగినపుడు నవ్వి త్రోసివేయకుఁడు. "ఏ దేశపు బల్లి? ఆ దేశపు నేల యెట్టిది? ఈఁదునా, త్రవ్వునా, సందులలో దాఁగునా?" అని ముందుగా నడుగుఁడు. పిదప పిడికెఁడు మన్ను తడిపి పిసికి చూపుమనుఁడు. ముద్ద నిలిచినదో లేదో ఆ ఫోనులోఁ జూచియే మీరు తీర్పు చెప్పఁగలరు. మట్టి నెఱిఁగిన మీ విద్య సముద్రములు దాఁటి యొక ప్రాణిని నిలుపునట్లైనచో అంతకన్న కావలసినదేమి?